తాతగారి కారు

సంక్రాంతికి ఇంకా వారం ఉందనగా కోనసీమలో కొన్ని ఇళ్ల పెరట్లో ఓ హడావుడి మొదలవుతుంది. అరిసెల పాకం గురించి కాదు. కోడిపుంజుల గురించీ కాదు. కొబ్బరి డొక్కల రాశి పక్కన, ఒకప్పుడు పశువుల పాక అయిన రేకుల షెడ్డులో, పాత దుప్పటి కింద ఏడాదంతా నిద్రపోయిన కారును లేపే హడావుడి అది!

ముందు దుప్పటి తీస్తారు. ఎలుకలు వైర్లు కొరికేశాయేమోనని బానెట్ ఎత్తి చూస్తారు. టైర్లకు గాలి, రేడియేటర్‌కు నీళ్లు, కార్బురేటర్‌కు ఓ గుక్క పెట్రోలు. ఊళ్లో మెకానిక్ వచ్చి ప్లగ్గులు విప్పి, మసి గీకి, మళ్లీ బిగిస్తాడు. సెల్ఫ్ కొడితే మొదట మూలుగు. తర్వాత దగ్గు. ఆ తర్వాత గుప్పుమని పొగ... చివరికి ఇంజిన్ అందుకుంటుంది. వంటింట్లో ఉన్నవాళ్లు కూడా చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చేస్తారు.

అది అంబాసిడరో, ఫియటో, హెరాల్డో, కాంటెస్సానో... ఏదైతేనేం, ఇంట్లో దాని పేరు ఒక్కటే. ‘తాతగారి కారు’.

పండగ మూడు రోజులూ దానికి రాజభోగమే. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, డాలస్ నుంచి దిగిన మనవలు దానికి ఆనుకుని ఫొటోలు దిగుతారు. కొత్త అల్లుడుగారిని అందులోనే గుడికి తీసుకెళ్తారు. ముక్కనుమ నాటికి సందడి సద్దుమణిగాక, అరుగు మీద పెద్దవాళ్లు కూర్చుని మొదలుపెట్టే మాట కూడా ఏటా ఒక్కటే.

‘ఇంకా ఎన్నాళ్లు ఉంచుదాం దీన్ని?’

ఉంచాలంటే డబ్బు కావాలి, చోటు కావాలి, ఓపిక కావాలి. అమ్మాలంటే మనసు రావాలి. పైగా ఇప్పుడు సర్కారు నిబంధనలు కూడా ఆ అరుగు మీదికి వచ్చి కూర్చున్నాయి. అసలు ఈ కార్లకు గోదావరి గడ్డ మీద అంత గౌరవం ఎలా వచ్చిందో, అందులో ఏది ఎంత నిజమో తెలియాలంటే వాటి వెంట ఓసారి డెల్టా చుట్టి రావాల్సిందే.

అక్కడ ఎంజీ... ఇక్కడ అంబాసిడర్

ఇంగ్లండులో పాత స్పోర్ట్స్ కారు అంటే అచ్చంగా కోటీశ్వరుల వ్యవహారం కాదు. ఫెరారీ కొనలేని మాస్టారో, గుమస్తానో జీతంలో కొంత దాచుకుని ఓ ఎంజీనో, ట్రయంఫ్ స్పిట్‌ఫైరో కొనుక్కుంటాడు. రెండు సీట్లు, మడిచి పెట్టుకునే టాపు. ఆదివారం పూట తనే విప్పి, తనే బిగించి, సాయంత్రం షికారుకు వెళ్తాడు. ఎంజీ గొప్పదా, ట్రయంఫ్ గొప్పదా అని వాళ్లకు తరాలుగా తెగని వాదన.

గోదావరి జిల్లాల్లో ఆ సరదా కుదిరేది కాదు. ఇద్దరే కూర్చునే కారు ఎవరిక్కావాలి? పెళ్లికి బయల్దేరితే వెనక సీట్లో నలుగురు, ముందు ముగ్గురు, ఒళ్లో ఇద్దరు పిల్లలు, డిక్కీలో సారె బుట్టలు, వాటి మీద ఓ పనసకాయ! కారు మోయాల్సింది వేగాన్ని కాదు, కుటుంబాన్ని. అయినా వాదన మాత్రం ఇక్కడా ఉండేది. పేర్లే వేరు.

మన దేశంలో విదేశీ కార్ల దిగుమతికి తలుపులు మూసుకున్నాక, 1983 డిసెంబరులో మారుతి రోడ్డెక్కేదాకా కొనేవాడి ముందున్నవి దాదాపుగా మూడే దారులు. కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో తయారయ్యే అంబాసిడర్. బొంబాయి ఫియట్. మద్రాసు హెరాల్డ్. మూడింటికీ పుట్టిల్లు పరాయి దేశమే. అంబాసిడర్ అసలు రూపం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్, ఫియట్‌ది ఇటలీ, హెరాల్డ్‌ది ఇంగ్లండు ట్రయంఫ్ కంపెనీ. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన రోజులవి. అంచేత ఒకసారి ఇంటికొచ్చిన కారు ఇంటి మనిషి అయిపోయేది.

ఏ కారు ఎవరిదన్నది చూడగానే చెప్పేసేవారు. అంబాసిడర్ అంటే పెద్దరికం. కలెక్టరు గారు దిగేది అందులోంచే, ఎమ్మెల్యే గారు ఎక్కేదీ అందులోకే. రైసుమిల్లు యజమాని, పంచాయతీ పెద్ద, సినిమా హాలు ఓనరు... వీళ్లకు అంబాసిడరే నప్పుతుంది. వెనక సీట్లో పంచె మడత నలగకుండా కూర్చోవచ్చు. నడిపేది డ్రైవరే. ఆ 1489 సీసీ ఇంజిన్ పరుగెత్తమంటే బద్ధకిస్తుంది గానీ, మోయమంటే ఎంతయినా మోస్తుంది.

ఫియట్ చదువుకున్నవాళ్ల కారు. రాజమండ్రి లాయరుగారు, కాకినాడ డాక్టరుగారు, భీమవరం ఇంజినీరుగారు. చిన్నది, పొందికైనది, పెట్రోలు తక్కువ తాగేది. గేరు స్టీరింగ్ పక్కనే ఉండటంతో ముందు సీట్లో కాళ్లకు అడ్డం లేదు. దీన్ని సొంతంగా నడుపుకోవడంలోనే ఓ దర్జా. 1973లో కంపెనీ దీని పేరు ప్రీమియర్ ప్రెసిడెంట్ అని మార్చింది. మరుసటి ఏడాది పద్మిని అంది. ఇక్కడ పట్టించుకున్నవాళ్లు తక్కువ. పద్మిని అని బానెట్ మీద రాసున్నా నోటికి వచ్చేది ‘ఫియట్’ అనే. పేరు మార్చడం కంపెనీ చేతిలో ఉంది గానీ పిలవడం ఊరి చేతిలో ఉంది కదా!

ఇక మూడోది హెరాల్డ్. దానికి పడిన ముద్ర ‘షోకిల్లా కారు’. మొదట్లో రెండే తలుపులు. పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ ముందు సీటు మడిచి, వంగి వెనక్కి వెళ్లాలంటే ఎంత అవస్థ! ‘కుర్రాళ్ల బండి’ అని పక్కన పెట్టేశారు. 1968లో నాలుగు తలుపులతో వచ్చినా ఆ పేరు పూర్తిగా పోలేదు. విచిత్రమేమిటంటే, ఈ మూడింట్లో నిజంగా స్పోర్ట్స్ కారు చుట్టరికం ఉన్నది దానికే.

స్పిట్‌ఫైర్‌కి అన్నగారు

ట్రయంఫ్ హెరాల్డ్‌ను 1959లో ఇంగ్లండులో విడుదల చేశారు. దాని గీత గీసింది ఇటలీకి చెందిన జొవానీ మికెలొట్టి. 1961లో మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ దాన్ని మన దేశంలో తయారుచేయడం మొదలుపెట్టింది. అక్కడ ఇంగ్లండులో 1962లో హెరాల్డ్ చట్రాన్నే పొట్టిగా చేసి, అదే మికెలొట్టి గీతతో స్పిట్‌ఫైర్‌ను తెచ్చారు. 1980 వరకూ 3 లక్షలకు పైగా అమ్ముడుపోయిన చవక స్పోర్ట్స్ కారు అదే. అంటే కోనసీమ షెడ్డులో దుమ్ము పట్టిన హెరాల్డ్‌కూ, ఇంగ్లండు పల్లె రోడ్ల మీద టాపు తీసి తిరిగే స్పిట్‌ఫైర్‌కూ ఎముకలు ఒక్కటే.

ఆ చుట్టరికం కళ్లకు కనిపిస్తుంది కూడా. హెరాల్డ్ బానెట్ మిగతా కార్లలా ఓ మూత కాదు. మడ్‌గార్డులు, లైట్లతో సహా ముందు భాగం మొత్తం మొసలి నోరు తెరిచినట్టు ముందుకు లేస్తుంది. మెకానిక్ ముందు టైరు మీద పీట వేసుకున్నట్టు కూర్చుని పని చేసుకోవచ్చు. రెండో గుణం ఇంకా ముఖ్యం. 25 అడుగుల చోటు ఉంటే చాలు, గిర్రున వెనక్కి తిరిగిపోతుంది. అంబాసిడర్‌కు దాదాపు 35 అడుగులు కావాలి. ఈ పది అడుగుల తేడా విలువ కాలవ గట్టు మీద కారు తిప్పినవాడికే తెలుస్తుంది.

లోపాలూ ఉన్నాయి. వెనక చక్రాలు వేటికవి ఊగే ఏర్పాటు వల్ల వేగంగా మలుపు తీసుకుంటే వెనక భాగం లేచి, చక్రం లోపలికి ముడుచుకుంటుంది. 948 సీసీ ఇంజిన్‌కు ఏడుగురు బంధువులు బరువే. ముందు చక్రాల దగ్గర ట్రునియన్ అనే ఇత్తడి ముక్క ఒకటి ఉంటుంది. దానికి గ్రీజు కాదు, గేర్ ఆయిల్ వేయాలి. ఆ సంగతి తెలియని షెడ్డులో అన్నిటితో పాటు దానికీ గ్రీజు కొట్టి పంపేస్తే, కొన్నాళ్లకు చక్రం కాస్తా ఒరిగిపోయేది. తప్పు నూనెది. చెడ్డపేరు కారుది. ‘హెరాల్డ్ నాజూకు, మన రోడ్లకు ఆగదు’ అన్న మాటలో సగం ఇలా పుట్టిందే.

తయారుచేసిన కంపెనీ పేరు కథ ఇంకా తమాషా. ఇంగ్లండులో ‘స్టాండర్డ్’ అనే మాటకు మొదట్లో ‘మేలైనది’ అనే అర్థం ఉండేది. రానురాను కార్ల బజారులో ‘మామూలు రకం’ అనే అర్థం స్థిరపడింది. దాంతో అక్కడ 1963లో ఆ పేరునే వదిలేసి, అన్నీ ట్రయంఫ్ పేరుతోనే అమ్మారు. మన దగ్గర అలా కాలేదు. తెలుగువాడికి ఇప్పటికీ ‘స్టాండర్డ్ మనిషి’ అంటే మాట మీద నిలబడేవాడు, ‘స్టాండర్డ్ సరుకు’ అంటే గట్టి సరుకు. ఇంగ్లండులో పరువు పోగొట్టుకున్న మాట గోదావరి గట్టున గౌరవంగా బతికింది.

ఆ పేరును చివరికి ముంచింది హెరాల్డ్ కాదు. 1985లో అదే కంపెనీ స్టాండర్డ్ 2000 అనే కారు తెచ్చింది. పై రూపం ఇంగ్లండులో పేరు మోసిన రోవర్‌ది. లోపల మాత్రం పాతకాలపు వాన్‌గార్డ్ నాటి 1991 సీసీ ఇంజిన్. ధర చూస్తే మహారాజు, రోడ్డెక్కితే ముసలాయన. 1988కల్లా దాని కథ ముగిసింది.

ఇలాంటి వేషమే ఇంకోటుంది. 1984లో వచ్చిన కాంటెస్సా. పొడవాటి ముక్కు, వెడల్పాటి ఛాతీ... అమెరికా సినిమాల్లో కార్లలా ఉండేది. మన సినిమాల్లో విలన్లు దిగేందుకు అంతకన్నా తగిన కారు కనిపించలేదు. తీరా బానెట్ ఎత్తితే లోపల అంబాసిడర్ ఇంజినే! పులితోలు కప్పుకున్న అంబాసిడర్ అన్నమాట. తర్వాత జపాన్ ఇసుజు 1.8 లీటర్ల ఇంజిన్ పెట్టాక గానీ దాని రూపానికి తగ్గ ఊపు రాలేదు. 2002లో అదీ ఆగిపోయింది. కుర్రకారు ఇవాళ ఎగబడేది మాత్రం దాని కోసమే. ఫొటోలో ఇంజిన్ కనబడదు మరి.

గట్టు మీద గుట్టు

కారు బలాబలాలు తేల్చేది షోరూము కాదు, దారి. రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా వెళ్లి చూస్తే తాతల కాలం నాటి తీర్పులు ఎందుకలా ఉన్నాయో అర్థమవుతుంది.

కొవ్వూరు నుంచి రాజమండ్రికి వంతెన మీద కారులో రావడం 1974 తర్వాతి మాట. అంతకుముందున్న హేవలాక్ వంతెన రైళ్లదే. 1974లో రోడ్డు కమ్ రైలు వంతెన వచ్చాక, కింద రైలు, పైన కారు. పండగకి వచ్చిన పిల్లలకు ఇప్పటికీ అదే పెద్ద వినోదం. ధవళేశ్వరం వైపు వస్తే 1852 నాటికి కాటన్ దొర పూర్తిచేసిన ఆనకట్ట స్థానంలో కట్టిన బ్యారేజీ. దాని మీదుగా బొబ్బర్లంక చేరితే అక్కణ్నుంచి మధ్య డెల్టా కాలువ తోడు వస్తుంది. ఆత్రేయపురం, లొల్ల లాకులు, రావులపాలెం... ఒక పక్క నిండుగా నీళ్లు, ఇంకో పక్క పల్లంలో అరటి తోట. మధ్యన రోడ్డు.

ఇప్పుడంటే తారు పడింది, వెడల్పు అయింది. ఒకప్పుడు అది గట్టు మీది మట్టి దారి. ఎదురుగా గడ్డి బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి నడపాల్సిందే. అంబాసిడర్ వెనక అద్దంలోంచి గట్టు అంచు కనబడదు. అందుకే క్లీనరు కుర్రాడు దిగి ‘రానీ... రానీ... ఆపు!’ అని కేకలు వేసేవాడు. ఆ కుర్రాడు లేని కారు కాలవలోకి దిగిన కథ డెల్టాలో ఏ ఊరి అరుగు మీదైనా ఒకటి దొరుకుతుంది. హెరాల్డ్ అక్కడ మారాజులా తిరిగేది. కానీ వానాకాలం వచ్చిందా, కథ మారిపోయేది. జారుడు మట్టిలో, మోకాలి లోతు గాళ్లలో అంబాసిడర్ బరువే దానికి బలం. బురదలో దిగబడితే పదిమంది తోసినా ఏ రేకూ సొట్టపోదు.

అంబాజీపేట కొబ్బరి బజారు దాటి, అమలాపురం, రాజోలు మీదుగా సఖినేటిపల్లి రేవుకు చేరితే అసలు పరీక్ష మిగిలే ఉంటుంది. ఎదురుగా వశిష్ఠ. అవతలి ఒడ్డున నరసాపురం. మధ్యలో పంటు. ఇటు కోటిపల్లి, ముక్తేశ్వరాల మధ్య గౌతమి మీదా అదే ఏర్పాటు. యానాం - ఎదుర్లంక మధ్య 2002లో వారధి వచ్చి, దానికి లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టేదాకా అక్కడా రేవు దాటాల్సిందే.

పంటు ఎక్కించడం అంటే మాటలా! రేవు నుంచి చెక్కల మీదుగా కారు పైకి పాకాలి. అటూ ఇటూ జానెడు తేడా వచ్చినా నీళ్లపాలే. ఫస్టు గేరులో, సగం క్లచ్ మీద, చెప్పులు విప్పేసి మరీ నడిపేవారు డ్రైవర్లు. 800 కిలోల చుట్టూ ఉండే హెరాల్డ్ ఎక్కితే పంటు చిన్నగా తల ఊపేది. 1100 కిలోల అంబాసిడర్ ఎక్కితే ఓ పక్కకి ఒరిగి నిట్టూర్చేది. గోదావరి జిల్లాల మోటారు పందెం ఏదైనా ఉందంటే అది ఇదే. గెలుపంటే వేగంగా వెళ్లడం కాదు, తడవకుండా అవతలి ఒడ్డుకు చేరడం! పంటు మీద కారు దిగి నిలబడిన పెద్దమనిషిని చూసి రేవులో జనం ‘ఎవరి తాలూకండీ?’ అని ఆరా తీసేవారు. ఆ ప్రశ్న కోసమే కారు కొన్నవాళ్లూ లేకపోలేదు.

ఉప్పుగాలి రాసిన లెక్క

ఇంత బతుకు బతికిన కార్లను చంపేది యాక్సిడెంట్లు కాదు, తుప్పు. సముద్రం ఉప్పుగాలి, కాలవల చెమ్మ, ఏడాదిలో సగం రోజులు ఆరని నేల. రాయలసీమలో ముప్ఫై ఏళ్లు ఎండలో నిలబడిన కారు రంగు వెలుస్తుందేమో గానీ రేకు గట్టిగా ఉంటుంది. కోనసీమలో షెడ్డులో దాచిన కారు పైకి మెరుస్తూ లోపల పుచ్చిపోతుంది.

పైగా వరదలు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన గోదావరి లంకలనూ, ఊళ్లనూ ముంచెత్తింది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కొబ్బరి తోటలను పడుకోబెట్టేసింది. మనుషుల ప్రాణాలే గాలిలో దీపాలైన ఆ రాత్రుల్లో కారును ఎవరు చూస్తారు? నీళ్లు తీశాక చూసుకుంటే సీట్లలో ఒండ్రు, ఇంజిన్లో ఒండ్రు. అలా బురదలో కూరుకుపోయిన వాటిని పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేయడం తప్ప చాలామందికి వేరే దారి ఉండదు.

అందుకే ఈ ప్రాంతంలో పాత కారు కొనాలని ముచ్చటపడే కుర్రాళ్లకు అనుభవజ్ఞులు చెప్పే మొదటి మాట: రంగు చూడకు, పడుకుని కింద చూడు. తలుపుల కింద గుమ్మం రేకు, డిక్కీ లోపల స్టెప్నీ పెట్టే గుంట, చట్రం మూలలు. వేలితో తడితే టంగుమనాలి. బొద్దుగా మోగితే లోపల లప్పమే. హెరాల్డ్‌కు ఓ సుగుణం ఉంది. దాని బాడీ ముక్కలు ముక్కలుగా బోల్టులతో చట్రానికి బిగించి ఉంటుంది. పాడైన ముక్క విప్పి వేరేది బిగించొచ్చు. కాకపోతే ఆ ముక్క దొరకాలి కదా! అంబాసిడర్ సామాన్లకు అంత కరువు లేదు. 2014 మేలో తయారీ ఆగిపోయేదాకా నడిచిన కారు కాబట్టి విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే ఏదో ఒకటి తగులుతుంది. ఫియట్‌కు బొంబాయి నుంచి తెప్పించుకోవాలి. హెరాల్డ్‌కు చెన్నై పుదుప్పేట సందుల్లో చెప్పులరగాలి. కొన్న ధర కన్నా బాగుచేయించిన ఖర్చు ఎక్కువ కావడం మూడింటికీ మామూలే.

సామాన్ల కన్నా పెద్ద కరువు చేతులది. పాయింట్ల మధ్య ఎడం సరిచేసి, చెవితో విని కార్బురేటర్ ట్యూన్ చేసే మేస్త్రీలు పెద్దవాళ్లయిపోయారు. వాళ్ల దగ్గర పని నేర్చిన కుర్రాళ్లు ల్యాప్‌టాప్ తగిలించి కొత్త కార్లు చూస్తున్నారు. వాళ్లనూ తప్పుపట్టలేం. ఏడాదికోసారి వచ్చే హెరాల్డ్ కడుపు నింపదు.

దీనికి తోడు పెట్రోలు. 2025 నాటికి దేశమంతటా పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలిపే స్థాయికి వచ్చాం. అది చెమ్మను పీల్చుకుంటుంది. పాతకాలపు రబ్బరు పైపులను, వాషర్లను మెత్తబరుస్తుంది. నెలల తరబడి కదలని ట్యాంకులో తుప్పుకు చోటిస్తుంది. ఆ ఇథనాల్ తీసేది చెరుకు నుంచి, నూకల నుంచి, మొక్కజొన్న నుంచి. తాతగారు ఏ పంట అమ్మి కారు కొన్నారో, ఆ పంటే ఇప్పుడు కారు ట్యాంకులోకి వచ్చి కూర్చుంది!

కాగితాల దగ్గర పేచీ

ఇక అరుగు మీది ప్రశ్నకు వద్దాం. ఇప్పుడు ఆ చర్చ అంతా కాగితాల చుట్టూనే.

సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆపైన అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌కు ముందు దీనికి కేంద్రం రుసుము 600 రూపాయలు. అప్పట్నుంచి 5 వేలు అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు దాన్ని 10 వేలు చేశారు. తుక్కు విధానం ప్రకారం ఫిట్‌నెస్ పాసైతే సొంత కారును తుక్కు చేయమని మన దగ్గర బలవంతమేమీ లేదు. కానీ పాస్ కావాలి. అయిదేళ్లకోసారి ఆ ముసలి ఇంజిన్ పొగ పరీక్షకు నిలబడాలి.

రెండో దారి ‘వింటేజ్’ హోదా. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపు చెడకుండా ఉన్న కారుకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. రుసుము 20 వేలు, గడువు పదేళ్లు, మళ్లీ పొడిగించుకోవాలంటే 5 వేలు. 1970లలో కొన్న ఫియట్‌లకు ఒక్కొక్కటిగా ఆ వయసు వస్తోంది. మొదటి కాంటెస్సా మాత్రం 2034 దాకా ఆగాలి. వినడానికి బాగానే ఉంది కానీ ఇందులో ఓ మెలిక. వింటేజ్ కారును రోజువారీ అవసరాలకు నడపకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించడం, మరమ్మతులు... వీటికే రోడ్డెక్కాలి. అద్దెకు తిప్పడం కుదరదు.

మరి గుడికి? కొత్త అల్లుడుగారి ఊరేగింపునకు? అక్కడే ఇంట్లో రెండు పార్టీలవుతాయి. అమెరికా మనవడు వింటేజ్ నంబరు తీసుకుందాం అంటాడు. ఖర్చు తనదే అంటాడు కూడా. ఊళ్లో ఉండే బాబాయికి అది నచ్చదు. ఏడాదికోసారి వచ్చి ఫొటో దిగేవాడికి ప్రదర్శన చాలు, దుప్పటి దులిపి టైర్లకు గాలి కొట్టించే తనకు కనీసం రేవు దాకా నడుపుకునే హక్కయినా ఉండాలి కదా అని ఆయన వాదన. న్యాయంగా చూస్తే బాబాయి మాటలోనే ఎక్కువ పస ఉంది. కదలని కారు త్వరగా పాడవుతుంది. సీళ్లు ఎండిపోతాయి, బ్రేకులు పట్టేస్తాయి.

ఇద్దరూ ఒప్పుకున్నా మరో చిక్కు. ఆర్సీ ఇంకా తాతగారి పేరు మీదే! ఆయన పోయి ఏళ్లయినా ఎవరూ మార్పించలేదు. పేరు మార్చాలంటే వారసులంతా సంతకాలు పెట్టాలి. ఒకరు విశాఖలో, ఒకరు న్యూజెర్సీలో. ఇంకొకరికి పొలం వాటాల దగ్గర మాటలే లేవు. కారు నంబరు పాత మూడక్షరాల రకం అయితే అది కంప్యూటర్‌లోకి ఎక్కిందో లేదో ముందు చూసుకోవాలి. 1989 తర్వాతి బండ్లయితే ఏపీ 5, ఏపీ 37 అని ఉంటాయి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఒక్కటే అయ్యాక, 2022లో జిల్లాలు విడిపోయాక, ‘మాది తూర్పు’, ‘మాది పశ్చిమ’ అని చెప్పే గుర్తుగా ఆ పాత నంబరు ప్లేటు మీద కూడా మమకారం పెరిగింది. అమ్మితే నంబరు కూడా పోతుంది.

కొనేవాళ్లకు కొదవ లేదు. పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలకు కొబ్బరి తోటలో పాత కారు కావాలి. రిసార్టులకు వాకిట్లో నిలబెట్టడానికి ఓ అంబాసిడర్ కావాలి. ఒకప్పుడు ‘కుర్రాళ్ల బండి’ అని పక్కన పెట్టిన హెరాల్డ్ కోసం ఇప్పుడు చెన్నై, బెంగళూరుల నుంచి ఫోన్లు వస్తాయి. బేరం కుదిరి, లారీ వచ్చి, చివరి నిమిషంలో బామ్మగారు వాకిట్లోకి వచ్చి నిలబడటంతో లారీ ఖాళీగా వెళ్లిపోయిందని చెప్పుకునే ఊళ్లూ ఉన్నాయి. ఆవిడ ఆ కారు నడిపింది లేదు. కాపురానికి వచ్చిన రోజు అందులో దిగింది, అంతే.

పండగ వెళ్లిపోతుంది. మనవలు సామర్లకోటలోనో రాజమండ్రిలోనో రైలెక్కుతారు. బాబాయి కారును షెడ్డులోకి వెనక్కి నడిపిస్తాడు. బ్యాటరీ తీగ విప్పుతాడు. టైర్లు నేల మీద అణగకుండా ఇరుసుల కింద దుంగలు పెడతాడు. ప్లాస్టిక్ పట్టా కప్పితే చెమ్మ పడుతుందని పాత దుప్పటే కప్పుతాడు. తాళం చెవి బామ్మగారి చేతికిస్తే, ఆవిడ దాన్ని బీరువాలో పొలం కాగితాల పక్కన పెడుతుంది. ఎలుకల కోసం నాలుగు కలరా ఉండలు సీటు కింద వేశాడో లేదో మాత్రం ఆ రాత్రే మరోసారి అడుగుతుంది.